సుంకం కట్టేది ఎవరు, చప్పట్లు కొట్టేది ఎవరు?

(సభకు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం.

ఈ రోజు మాట్లాడుకోబోయే విషయం మీద మనలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక అభిప్రాయం ఉంది. ఫలానా దేశం మరో దేశం సరుకు మీద సుంకం పెంచిందని వార్త వస్తుంది. వెంటనే మనం ఎటో ఒక వైపు చేరిపోతాం. "వాళ్లకి అలాగే కావాలి" అంటాం. లేదంటే "మనవాళ్లు ఊరుకోకూడదు, దెబ్బకు దెబ్బ కొట్టాల్సిందే" అంటాం. అలా అనడం తప్పని చెప్పడానికి నేను రాలేదు. ఇవన్నీ మామూలు మనుషులకెందుకు, నిపుణులు చూసుకుంటారులే అని చెప్పడానికైతే అసలే రాలేదు. నేను అడిగేది ఒక్కటే. ఏదో ఒక వైపు చేరే ముందు, ఆ సుంకం డబ్బు ఎవరి జేబులోంచి పోతోందో చూద్దామా? ఎవరి జేబులోంచి పోతోంది, ఎవరి జేబులోకి వెళ్తోంది?

మీరే చెప్పండి. చైనా సరుకు మీద అమెరికా సుంకం వేసింది. కట్టేది ఎవరు? ముందు వరుసలో ఒకరు చైనా అన్నారు. చాలామంది అదే అనుకుంటారండీ. వార్త చెప్పే తీరే అలా ఉంటుంది, ఒక దేశం మరో దేశాన్ని కొట్టినట్టు. రేవులో జరిగేది వేరు. సరుకు దిగాక కస్టమ్స్‌కి డబ్బు కట్టేది దాన్ని తెప్పించుకున్న అమెరికా కంపెనీ. ఆ తర్వాత ఆ భారాన్ని ఎవరు మోయాలన్నది బేరాన్ని బట్టి తేలుతుంది. అమ్మినవాడు ధర తగ్గించుకోవచ్చు. తెప్పించుకున్నవాడు లాభం తగ్గించుకోవచ్చు. ఇద్దరూ ఒప్పుకోకపోతే కొనేవాడి మీద పడుతుంది. 2018లో అమెరికా వేసిన సుంకాల మీద మేరీ ఆమిటీ, స్టీఫెన్ రెడింగ్, డేవిడ్ వైన్‌స్టీన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. ఆ ఏడాది భారం దాదాపు మొత్తం అమెరికాలో ఉన్నవాళ్ల మీదే, అంటే తెప్పించుకున్న కంపెనీల మీద, కొన్నవాళ్ల మీద పడిందని తేల్చారు. తర్వాతి రోజుల్లో ఉక్కు విషయంలో మాత్రం బయటి కంపెనీలు కూడా కొంత ధర తగ్గించుకున్నాయని వాళ్లే చెప్పారు. కాబట్టి ఎప్పుడూ ఒకేలా జరుగుతుందని నేను అనను. అందుకే ప్రతిసారీ అడగాలంటున్నాను.

వాషింగ్ మెషీన్ల సంగతి చెబుతాను, వినండి. 2018 మొదట్లో అమెరికా బయటి నుంచి వచ్చే వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేసింది. ఏడాదిలో మొదట వచ్చే 12 లక్షల మెషీన్లకు 20 శాతం, ఆ పైన వచ్చేవాటికి 50 శాతం. మెషీన్ల ధర దాదాపు 12 శాతం పెరిగింది. సరే, అది ఎవరైనా ఊహించగలరు. కానీ బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ మీద సుంకమే లేదు. దాని ధర కూడా అంతే పెరిగింది! ఎందుకని? అక్కడ ఆ రెండూ జతగా కొంటారు. అందుకని కంపెనీలు పెంపును రెండింటి మీదా సర్దేశాయి. అమెరికాలోనే తయారైన మెషీన్ల ధరలు కూడా పెరిగాయి, పోటీ తగ్గింది కదా. ఈ సుంకం వల్ల వచ్చిన ఉద్యోగాలు సుమారు 1,800 అని పరిశోధకులు లెక్కగట్టారు. కొన్నవాళ్ల మీద పడిన అదనపు భారం ఏడాదికి 150 కోట్ల డాలర్లు. ఖజానాకు వచ్చింది తీసేశాక కూడా ఒక్కో ఉద్యోగానికి జనం పెట్టిన ఖర్చు 8 లక్షల 15 వేల డాలర్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ లెక్క చెప్పి, చూశారా ఎంత తెలివితక్కువ పనో అని చాలామంది అక్కడితో ముగిస్తారు. నేను అలా ముగించలేను. ఆ 1,800 ఉద్యోగాలు నిజమైనవి. ఆ ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఆ కార్మికుడికి తన ఉద్యోగం ఎలా వచ్చిందో తెలుసు, ఎవరి వల్ల వచ్చిందో తెలుసు. మెషీన్ కొన్న మనిషికి మాత్రం తాను ఎంత ఎక్కువ కట్టిందీ తెలియదు. బిల్లు మీద ఆ ముక్క ఎక్కడా ఉండదు. లాభం కొద్దిమందికి, కళ్లకు కనబడేలా వస్తుంది. నష్టం కోట్లమందికి, కనబడకుండా పంచబడుతుంది. అలాంటప్పుడు ఎవరి గొంతు గట్టిగా వినబడుతుంది? అవతలి వైపు కూడా చూడాలి. సరిహద్దులు తెరిచినప్పుడు లెక్క తలకిందులవుతుంది. వస్తువు అందరికీ కొంచెం చవకవుతుంది, ఒక ఊళ్లో ఫ్యాక్టరీ మొత్తం మూతపడుతుంది. డేవిడ్ ఆటోర్, డేవిడ్ డోర్న్, గోర్డన్ హాన్సన్ 2013లో చూపించింది ఇదే. చైనా సరుకు వెల్లువ వచ్చినప్పుడు అమెరికాలో దెబ్బ దేశమంతా సమానంగా పడలేదు. ఆ సరుకుతో పోటీ పడే ఫ్యాక్టరీలున్న ప్రాంతాల మీదే పడింది. ఉద్యోగం పోయినవాళ్లు వేరే ఊరికి వెళ్లి వేరే పని చూసుకుంటారని పుస్తకాల్లో ఉండేది. చాలామంది వెళ్లలేదు. ఇల్లు, ముసలి తల్లిదండ్రులు, పిల్లల బడి, ఇవన్నీ వదిలి ఎలా వెళ్తారు? "దేశానికి మొత్తంగా లాభమే" అని వాళ్లతో అంటే కడుపు మండదా?

అందుకే మామూలు మనుషుల అభిప్రాయాన్ని అజ్ఞానం అని కొట్టిపారేసేవాళ్లంటే నాకు నచ్చదు. వాళ్ల అభిప్రాయం వెనక ఏముందో చూడాలి. అలా చూసినవాళ్లున్నారు. ఎడ్వర్డ్ మాన్స్‌ఫీల్డ్, డయానా మట్జ్ అని ఇద్దరు పరిశోధకులు. అమెరికాలో జనం విదేశీ వ్యాపారాన్ని సమర్థించడానికీ వ్యతిరేకించడానికీ కారణమేంటని వాళ్లు 2009లో ఒక పరిశోధన వ్యాసం రాశారు. మనమేం అనుకుంటాం? ఎవరి జీతానికి లాభమో వాళ్లు సమర్థిస్తారు, నష్టపోయేవాళ్లు వ్యతిరేకిస్తారు అనుకుంటాం. వాళ్లకు అలా కనబడలేదు. సొంత లాభనష్టాల కంటే, దేశానికి ఏమవుతోందని వాళ్లు అనుకుంటున్నారో, బయటివాళ్ల మీద వాళ్లకున్న భావం ఏమిటో, అవే ఎక్కువ పని చేస్తున్నాయి. అంటే మనిషి తన జేబు మాత్రమే చూసుకుని మాట్లాడటం లేదు. నిజంగా దేశం గురించే ఆలోచిస్తున్నాడు. అది మంచి విషయమే. కానీ దేశానికి ఏమవుతోందో అతనికి ఎవరు చెబుతున్నారు? అక్కడుంది చిక్కు.

దీనికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2024 మొదట్లో వచ్చిన ఇంకో అధ్యయనం. ఆటోర్ బృందానిదే. 2018, 2019 సుంకాల తర్వాత ఆ సుంకాలు కాపాడాల్సిన ప్రాంతాల్లో ఏం జరిగిందో చూశారు. ఉద్యోగాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. చైనా ఎదురు వేసిన సుంకాల వల్ల వ్యవసాయ ప్రాంతాల్లో ఉద్యోగాలు తగ్గాయి. ప్రభుత్వం ఇచ్చిన సాయం ఆ లోటును కొంతే పూడ్చింది. మరి ఓట్లు? సుంకాల రక్షణ పొందిన ప్రాంతాల్లో సుంకాలు వేసిన పార్టీకి మద్దతు పెరిగింది. ఉద్యోగం రాలేదు, ఓటు పడింది. ఎందుకై ఉంటుంది? నాకు తోచింది చెబుతాను, మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. ఏళ్ల తరబడి తమ గోడు వినేవాడు లేనప్పుడు, ఎవరో ఒకరు మీ తరఫున కొట్లాడతానంటే, ఆ మాటకే జనం విలువ ఇస్తారు. ఫలితం తర్వాత సంగతి. ఇది మోసపోవడం అని నేను అనను. కానీ మనకోసం కొట్లాడుతున్నట్టు కనబడటం వేరు, మనకు మేలు జరగడం వేరు. ఆ తేడా అడిగే హక్కు మనకుంది.

ఇదంతా ఇప్పటి రోగం అనుకుంటున్నారేమో. కాదండీ. బ్రిటన్‌లో 1815లో ధాన్యం దిగుమతిని కట్టడి చేస్తూ చట్టాలు తెచ్చారు. భూస్వాములకు మంచి ధర, పట్నాల్లో రొట్టె ప్రియం. 1838లో మాంచెస్టర్‌లో ఆ చట్టాలకు ఎదురుగా ఒక సంఘం మొదలైంది. రిచర్డ్ కాబ్డెన్, జాన్ బ్రైట్ దాన్ని నడిపించారు. ఊరూరా సభలు, కరపత్రాలు, సంతకాలు. మరి కార్మికులందరూ వెంట వెళ్లారా? లేదు. చార్టిస్టులు, అంటే అందరికీ ఓటు కావాలని పోరాడుతున్నవాళ్లు, అనుమానపడ్డారు. రొట్టె చవకైతే కూలి తగ్గించొచ్చని మిల్లు యజమానులు ఈ పోరాటం చేస్తున్నారు, ముందు మాకు ఓటు ఇవ్వండి అన్నారు. సంఘం సభల్లోకి వెళ్లి గొడవ కూడా చేశారు. ఎంత పదునైన ప్రశ్న చూడండి! బడికి కూడా సరిగా వెళ్లని కార్మికుడు, ఇందులో నా వాటా ఎంత అని అడిగాడు. చివరికి ఐర్లండ్ కరువు మీద పడ్డాక 1846లో ప్రధాని రాబర్ట్ పీల్ ఆ చట్టాలు తీసేయించాడు. పార్టీ చీలింది, కొద్ది రోజులకే ఆయన పదవి కూడా పోయింది.

తర్వాత 1930. అమెరికాలో దిగుమతి సుంకాలు పెంచే స్మూట్-హాలీ చట్టం. దాన్ని ఆమోదించొద్దని 1,028 మంది ఆర్థికవేత్తలు సంతకాలు చేసి పంపారు. అధ్యక్షుడు హూవర్ ఆ జూన్‌లో సంతకం పెట్టేశాడు. దాని గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను సాగదీయను. పక్కనున్న కెనడాలో జరిగింది చెబుతాను. అక్కడ మెకంజీ కింగ్ ప్రభుత్వం ఆ చట్టం రాకముందే, మే నెలలోనే, అమెరికా సరుకు మీద ఎదురు సుంకాలు వేసింది. జనానికి అది చాలలేదు. జూలై ఎన్నికల్లో ఇంకా గట్టిగా కొడతానన్న ఆర్.బి. బెనెట్‌ను గెలిపించారు. ఆర్థిక మాంద్యం మీద కోపం కూడా అందులో కలిసి ఉంటుంది. కానీ గమనించండి, మెత్తగా మాట్లాడిన నాయకుడు నిలబడటం ఎంత కష్టమో. రెండు దేశాల్లోనూ సామాన్యుడు అదే అన్నాడు, తగ్గొద్దు అని. ఇద్దరూ తగ్గకపోతే మధ్యలో నలిగేది ఎవరు?

ఎదురు సుంకాలు ఎలా ఎంచుతారో తెలుసా? ఇది మనం బాగా అర్థం చేసుకోవాల్సిన విషయం. 2018లో అమెరికా ఉక్కు, అల్యూమినియం మీద సుంకం వేసింది. జూన్‌లో యూరోపియన్ యూనియన్ బదులిచ్చింది. దేని మీద? బోర్బన్ విస్కీ, మోటార్ సైకిళ్లు, జీన్స్. ఇవేంటి, ఉక్కుకీ వీటికీ సంబంధం ఏంటి అనిపిస్తుంది. బోర్బన్ కెంటకీ రాష్ట్రానిది, అక్కడి సెనేటర్ అప్పటి సెనేట్ నాయకుడు. మోటార్ సైకిళ్ల కంపెనీ విస్కాన్సిన్‌ది, అప్పటి ప్రతినిధుల సభ స్పీకర్ ఆ రాష్ట్రంవాడు. అదే ఏడాది జూలైలో చైనా అమెరికా సోయా మీద 25 శాతం వేసింది. కొనుగోళ్లను బ్రెజిల్ వైపు తిప్పింది. అమెరికా ప్రభుత్వం తన రైతుల కోసం 2018లో 1,200 కోట్ల డాలర్లు, 2019లో 1,600 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. ఆ రైతుకు ఉక్కుతో పని లేదు. ఎవరితోనూ తగవు లేదు. తన నాయకుడి మీద ఒత్తిడి తేవడానికి అతణ్ని పనిముట్టుగా వాడారు. వాణిజ్య తగవులో ముందు తగిలేది తగవు పెట్టుకున్నవాడికి కాదు. ఈ మాట నేను ఇంకోసారి చెబుతాను. ముందు తగిలేది తగవు పెట్టుకున్నవాడికి కాదు.

పైగా ఒకసారి వేసిన సుంకం అంత తేలిగ్గా పోదు. 1960ల మొదట్లో అమెరికా కోళ్ల మాంసం మీద యూరప్ సుంకాలు పెంచింది. దానికి బదులుగా 1964లో అమెరికా చిన్న ట్రక్కుల మీద 25 శాతం వేసింది. కోళ్ల తగవు ఎప్పుడో మరుగున పడింది. ట్రక్కుల మీద సుంకం 60 ఏళ్లు దాటినా అలాగే ఉంది.

ఇక రాజకీయం నేరుగా సరుకు మీదికి దిగిన సందర్భాలు. 2010లో నోబెల్ శాంతి బహుమతి మానవ హక్కుల కోసం పోరాడి చైనా జైల్లో ఉన్న లియు షియావోబోకి ఇచ్చారు. ఇచ్చింది నార్వేలోని కమిటీ, నార్వే ప్రభుత్వం కాదు. అయినా చైనా నార్వేతో సంబంధాలు స్తంభింపజేసింది. నార్వే నుంచి వచ్చే సాల్మన్ చేపల మీద తనిఖీలు బిగించింది. 2014లో దలైలామా నార్వే రాజధాని ఓస్లో వస్తే ప్రభుత్వ పెద్దలు ఆయనను కలవలేదు. 2016 డిసెంబరులో గానీ సంబంధాలు చక్కబడలేదు. ఇప్పుడు నార్వే పౌరుడి స్థానంలో ఉండి ఆలోచించండి. చేపలు అమ్ముకునే కుటుంబాలు ఒకవైపు, మాట్లాడే స్వేచ్ఛ మీద దేశం పెట్టుకున్న నమ్మకం ఒకవైపు. మీరైతే ప్రభుత్వానికి ఏం చెప్పేవారు? నాకైతే ఒక్కటే అనిపిస్తుంది. విలువల కోసం నష్టం భరించాలని దేశం నిర్ణయించుకుంటే, ఆ నష్టాన్ని ఒక్క చేపలవాళ్ల నెత్తినే వదిలేయకూడదు. అందరూ పంచుకోవాలి. అప్పుడే ఆ నిర్ణయం దేశానిది అవుతుంది.

మరి ఈ తగవులు తీర్చే చోటు లేదా అంటే, ఉంది. 1947లో 23 దేశాలు గాట్ అనే వాణిజ్య ఒప్పందం చేసుకున్నాయి. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చింది. అందులో అప్పీళ్లు వినడానికి ఏడుగురు సభ్యులుండాలి, ఒక్కో కేసుకు ముగ్గురు కావాలి. కొత్త నియామకాలను అమెరికా అడ్డుకుంటూ రావడంతో 2019 డిసెంబరు నుంచి ఆ ముగ్గురు కూడా లేరు. ఓడిపోయిన దేశం అప్పీలు చేసి కూర్చుంటే చాలు, కేసు అక్కడే ఆగిపోతుంది.

ఆ వ్యవస్థ బాగా నడిచిన రోజుల్లో కూడా న్యాయం ఎవరికి అందిందో చూడాలి. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో ఫిర్యాదు చేసింది. గెలిచింది. 2009లో ఎదురు చర్యలకు అనుమతి కూడా వచ్చింది. అప్పుడు అమెరికా ఏం చేసింది? సబ్సిడీ తీసేయలేదు. బ్రెజిల్ పత్తి రంగానికి ఏడాదికి 14.73 కోట్ల డాలర్లు ఇస్తానంది. అంటే అమెరికాలో పన్ను కట్టే మనిషి తన దేశపు పత్తి రైతుకూ ఇచ్చాడు, ఆ సబ్సిడీని కాపాడుకోవడానికి బ్రెజిల్ పత్తి రైతుకూ ఇచ్చాడు. 2014లో మరో 30 కోట్ల డాలర్లు ఇచ్చి తగవు ముగించుకున్నారు. ఇదే పత్తి గురించి బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి 2003లో మొరపెట్టుకున్నాయి. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో చిన్న చిన్న కమతాల మీద పత్తి పండించి బతికే జనం వాళ్లు. బ్రెజిల్‌కి ఎదురు సుంకం వేసి భయపెట్టే శక్తి ఉంది. వాళ్లకి లేదు. వాళ్లకి అలాంటి చెక్కు రాలేదు. ఇది చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, దాచుకోను.

సరే, మనమేం చేయగలం అంటారు. ముందు అసలు ఏం రాసుకుంటున్నారో చూపించమని అడగగలం. అమెరికా, యూరప్ మధ్య పెద్ద వాణిజ్య ఒప్పందం కోసం చర్చలు జరిగిన రోజుల్లో, 2016లో, జర్మనీ ఎంపీలకు ఆ పత్రాలు చూడ్డానికి ఒక గది ఇచ్చారు. రెండు గంటల సమయం, ఫోను లేదు, కాపీ లేదు, పక్కన కాపలా. ఎన్నికైన ఎంపీకే ఇదైతే ఓటేసిన మనిషి సంగతేంటి? జనం వీధుల్లోకి రావడంలో ఆశ్చర్యం ఉందా? మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో ఇంకోలా జరిగింది. అమెరికాతో ఒప్పందంలో చేరాలా వద్దా అని 2007 అక్టోబరు 7న జనాన్నే అడిగారు. ఆ దేశ చరిత్రలో అదే మొదటి రెఫరెండం. టెలిఫోన్లు, బీమా ప్రభుత్వ సంస్థల చేతిలో ఉండేవి, వాటిని తెరవాలా అన్నది పెద్ద తగవు. ఊరూరా కమిటీలు పెట్టుకుని ఒప్పందం గురించి వాదించుకున్నారు. 51 శాతం పైచిలుకుతో అవును అన్నారు. వద్దన్నవాళ్లు ఓడిపోయారు, నిజమే. కానీ తాము దేనికి ఒప్పుకుంటున్నారో, దేన్ని వదులుకుంటున్నారో మాట్లాడుకుని మరీ ఓటేశారు.

ఎవరో ఒక చీటీ పంపారు, చదువుతాను. "మరి విదేశీ వస్తువులు కొనకుండా ఉండటం మంచిదా చెడ్డదా?" మంచి ప్రశ్న. దీనితో ఆపుతాను. సుంకంలో మీ డబ్బు మీకు తెలియకుండా పోతుంది. బహిష్కారంలో మీరు తెలిసి వదులుకుంటారు. ఆ మేరకు అది నిజాయితీ గల పని. కానీ దెబ్బ ఎవరికి తగులుతోందన్న ప్రశ్న అక్కడా వదలకూడదు. 2019 జూలైలో జపాన్ తన దగ్గర్నుంచి దక్షిణ కొరియాకు వెళ్లే కొన్ని రసాయనాల మీద ఆంక్షలు పెట్టింది. చిప్పుల తయారీకి కావలసినవి అవి. కొరియా మీద జపాన్ వలస పాలన నాటి వెట్టి కార్మికుల పరిహారం మీద కొరియా కోర్టు ఇచ్చిన తీర్పు దాని వెనకున్న తగవు. కొరియా జనం జపాన్ వస్తువులు కొనడం మానేశారు, జపాన్ ప్రయాణాలు మానుకున్నారు. ఆ అక్టోబరులో జపాన్ నుంచి కొరియాకు బీరు ఎగుమతి సున్నా. సున్నా అండీ! మరోవైపు, కొరియా యాత్రికుల మీదే బతికే త్సుషిమా అనే చిన్న జపాన్ ద్వీపంలో హోటళ్లు, దుకాణాలు వెలవెలబోయాయి. ఆ తీర్పుతో గానీ ఆంక్షలతో గానీ ఆ దుకాణదారుకు సంబంధం లేదు.

ఇది కొరియా జనానికి తెలియదా? తెలుసు. ఆగస్టులో సియోల్ నడిబొడ్డున జుంగ్ జిల్లా కార్యాలయం వీధుల్లో "నో జపాన్" అని జెండాలు కట్టించింది. బహిష్కారం పాటిస్తున్న పౌరులే దానికి అభ్యంతరం చెప్పారు. మా కోపం జపాన్ ప్రభుత్వం మీద, ఇక్కడికి చూడ్డానికి వచ్చిన జపాన్ మనుషుల మీద కాదు, ఇది జనం తమంతట తాము చేస్తున్న పని, ఇందులోకి ప్రభుత్వ కార్యాలయం రావద్దు అన్నారు. ఆ రోజే జెండాలు దించేశారు, జిల్లా అధికారి క్షమాపణ చెప్పాడు. బీరు మాత్రం ఆ తర్వాతి నెలల్లో కూడా కొనలేదు.

ఇక మీరు అడగండి.